కోత వాడికి, కొరత నాకు

ఒకడి పొట్ట కోస్తే ఆ ఒక్కడి తిండే తగ్గాలి. అది న్యాయం. మా ఇంట్లో మాత్రం కోత మా బావమరిదికి పడింది, పథ్యం నాకు పడింది. వాడి జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా తీసేశారని డిశ్చార్జి కాగితంలో రాసి ఉంది. నా కంచంలోంచి ఎంత తీసేశారో ఏ కాగితంలోనూ లేదు. ఈ అన్యాయాన్ని ఇంట్లో మొరపెట్టుకుందామంటే వినే నాథుడు లేడు. వినవలసిన ఇల్లాలే మొదటి ముద్దాయి. అందుకని పాఠక మహాశయుల ఎదుట ఈ ఫిర్యాదు దాఖలు చేసుకుంటున్నాను.

మా బావమరిదిది పాలకొల్లు. ఎరువుల వ్యాపారం. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 128 కిలోలు. నలభై ఇంకా నిండలేదు గానీ, అరవైలో రావలసిన షుగరూ బీపీ మోకాళ్ల నొప్పులూ అడ్వాన్సుగా వచ్చేశాయి. ఉలవచారు తాగి చూశాడు. తేనె నిమ్మరసం తాగి చూశాడు. రాత్రిపూట జొన్నరొట్టె తిన్నాడు. రొట్టె అయ్యాక అన్నం కూడా తినేవాడన్నది వేరే సంగతి. తగ్గినప్పుడు పది కిలోలు తగ్గడం, పెరిగినప్పుడు పన్నెండు పెరగడం. చివరికి విసుగెత్తి, "హైదరాబాదులో బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకుంటాను బావగారూ, ఓ నాలుగు రోజులు మీ ఇంట్లో ఉంటాను" అని ఫోను చేశాడు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఒక గది అదనంగా ఉన్న ఇల్లు కొనుక్కోవడం ఎంత ప్రమాదమో నాకు అప్పటిదాకా తెలీదు. నేను "దానికేం, రా" అనేలోపు మా ఆవిడ ఆ గదిలోంచి నా పాత పుస్తకాల అట్టపెట్టెలు అటక మీదికి ఎక్కించేసింది.

ఆపరేషన్ అంటే వెళ్లడం, పడుకోవడం, కోయించుకోవడం, ఇంటికి రావడం అనే నేనూ అనుకున్నాను. హెర్నియాకి అంతే, అపెండిక్సుకి అంతే. దీని తతంగం వేరు. కోసేది ఓ గంటా రెండు గంటలు. దానికి ముందు వారాల తరబడి తయారీ, తర్వాత జన్మంతా కాపలా. ఆ గంటా రెండు గంటల పనికి సర్జన్ ఫీజు తీసుకున్నాడు. మిగతా జన్మంతా పనికి నన్ను పెట్టుకున్నారు, జీతం లేకుండా.

మొదటి దెబ్బ డైటీషియన్ గదిలోనే తగిలింది. మా పెద్దమ్మాయి వయసుండే పిల్ల. మా బావమరిదిని తూచింది, ఎత్తు కొలిచింది, కిలోలని మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించి బీఎంఐ 44 అని రాసింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "అంకుల్, మీరు కూడా ఒకసారి ఎక్కండి, ఊరికే" అంది. ఊరికే అంటోంది కదా అని చెప్పులు విడిచి ఎక్కాను. 78 కిలోలు. బీఎంఐ 27.6. "మన వాళ్ల లెక్కలో 23 దాటితే ఓవర్ వెయిట్, 25 దాటితే ఒబేసిటీ, అంకుల్" అని నవ్వుతూ చెప్పింది. మా ఆవిడ నవ్వలేదు. మనసులో రాసుకుంది.

ఇంటికొచ్చి ఈ కొలత పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. దీన్ని కనిపెట్టినవాడు డాక్టరే కాదు! అడాల్ఫ్ క్వెట్లే అని 19వ శతాబ్దపు బెల్జియం పెద్దమనిషి. నక్షత్రాలు, లెక్కలు ఆయన వృత్తి. సగటు మనిషి ఎలా ఉంటాడో తేలుద్దామని ఎత్తులూ బరువులూ పోగేసి ఈ సూత్రం కట్టాడు. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని నామకరణం చేశాడు. చుక్కలు లెక్కపెట్టుకునే మనిషి వేసిన సూత్రంతో కూకట్‌పల్లిలో నా పెసరట్టు ఆపేయడం ఏం ధర్మం? పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు లెక్కలో ఊబకాయం 30 దగ్గర మొదలవుతుంది. మనకి మాత్రం 25. ఒకే బరువున్నా మన జాతికి పొట్టచుట్టూ కొవ్వు ఎక్కువ, షుగరు తొందరగా వస్తుంది, అందుకని గీత కిందికి జరిపారట. కారణం సమంజసంగానే ఉంది. అయినా వేరే దేశంలో పాసయ్యే మార్కులకి ఇక్కడ ఫెయిల్ చేస్తుంటే ఏ పౌరుడికైనా కడుపు మండదా?

తర్వాత పరీక్షలు. రక్తం సీసాలకొద్దీ తీశారు: మూడు నెలల షుగరు, థైరాయిడ్, బీ12, డీ విటమిన్, ఐరన్. ఈసీజీ, ఎకో, పొట్ట స్కానింగు, గొంతులోంచి గొట్టం వేసి ఎండోస్కోపీ. వీటితో నాకు పేచీ లేదు, కోసేముందు చూసుకోవలసిందే. పేచీ నిద్ర పరీక్షతో. వేలికో క్లిప్పు, ఛాతీకో పట్టీ, ముక్కుకో సన్నని గొట్టం తగిలించి మా ఇంట్లోనే పడుకోబెట్టారు. నిద్రలో కనీసం పది సెకన్ల పాటు ఊపిరి ఆగితే యంత్రం ఒకటి లెక్కేస్తుంది. గంటకి 30 దాటితే తీవ్రం కింద జమ. మావాడు తీవ్రాన్ని దాటి చాలా దూరం వెళ్లాడు. దాంతో ఆపరేషన్‌కి ముందు కొన్నాళ్లు రాత్రుళ్లు సీపాప్ యంత్రం పెట్టుకుని పడుకోవాలన్నారు. మొహానికి మాస్కు, మాస్కుకి గొట్టం, గొట్టంలోంచి గాలి. అంతకుముందు గురకకి మేమెవరం నిద్రపోలేదు. యంత్రం వచ్చాక గురక ఆగింది, ఆ నిశ్శబ్దానికి మా ఆవిడకి భయమేసి వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో చూసి రమ్మని నన్ను లేపడం మొదలైంది.

ఆ పైన మానసిక నిపుణురాలి దగ్గరికి పంపారు. పొట్ట కోయడానికి మనసుతో ఏం పని అనుకుంటాం గానీ, ఇది అన్నిటికన్నా అసలైన పరీక్షని ఇప్పుడు ఒప్పుకుంటాను. మనిషి ఎందుకు తింటున్నాడో తెలీకుండా ఎంత తినగలడో తగ్గిస్తే ఏం లాభం? ఆవిడ అడిగింది: "దిగులుగా ఉన్నప్పుడు ఎక్కువ తింటారా, సంతోషంగా ఉన్నప్పుడా?" మావాడు చేతులు కట్టుకుని, "టైముకి తింటానండి" అన్నాడు. "ఎన్ని టైములు?" అంది. వాడు వేళ్లు మడవడం మొదలుపెట్టాడు, ఆవిడ రెండో చేతిదాకా ఆగలేక తర్వాతి ప్రశ్నకి వెళ్లింది. "ఆపరేషన్ తర్వాత ఇంట్లో మీకు తోడుగా ఎవరుంటారు? తిండి విషయంలో, నడక విషయంలో?" వాడు తలుపు దగ్గర కూర్చున్న నావైపు వేలు చూపించాడు. ఆవిడ రాసుకుంది. నన్నడగలేదు. అంటే ఒక ఆస్పత్రి ఫైల్లో, నా సంతకం లేకుండా, నేను జీవితకాలపు సహాయకుడిగా నమోదైపోయాను. ఈ కేసులో ముఖ్యమైన సాక్ష్యం ఆ కాగితమే. దాన్ని నాకు చూపించడం లేదు.

ఇన్సూరెన్సు సంగతి. బీమా నియంత్రణ సంస్థ 2019లో కంపెనీలన్నిటికీ ఒకే మాటగా రాసిచ్చిన షరతుల్లో ఊబకాయం ఆపరేషన్‌కి ఓ గీత ఉంది. పద్దెనిమిదేళ్లు నిండాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 గానీ అంతకుమించి గానీ ఉండాలి. లేదా 35 గానీ అంతకుమించి గానీ ఉండి, దానికి తోడు గుండెజబ్బో, అదుపులో లేని షుగరో, తీవ్రమైన నిద్ర ఊపిరి జబ్బో ఉండి, కోతలేని మార్గాలన్నీ ప్రయత్నించి ఓడిపోయి ఉండాలి. ఓడిపోయినట్టు రుజువు చూపించమంటే మావాడు జొన్నరొట్టెల కాలం నాటి డాక్టరు చీటీలు తెప్పించాడు. ఈ గీత గురించి తెలిసిన దగ్గర్నుంచీ వాడికో కొత్త భయం పట్టుకుంది. "అప్రూవల్ రాకముందే నేను తగ్గిపోతే ఎలా బావగారూ?" వాడి జీవితంలో బరువు తగ్గిపోతానేమోనని భయపడడం అదే మొదలు. నివారణగా బిర్యానీ తెప్పించుకున్నాడు.

ఆ బిర్యానీతో వీడ్కోలు యాత్ర మొదలైంది. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఈ రోగులందరికీ ఇదే జబ్బట, డైటీషియన్ ముందే హెచ్చరించింది. ఇక జన్మలో తినలేనేమోనని ప్రతి పదార్థాన్నీ ఆఖరిసారి చూసి రావడం. ఒకరోజు తాపేశ్వరం కాజా. ఒకరోజు ఆత్రేయపురం పూతరేకులు, ఊరినుంచి బస్సులో పార్సిలు. ఒకరోజు సాయంత్రం పునుగుల బండి దగ్గర అరగంట నిలబడి కొబ్బరి చట్నీతో సహా సెలవు తీసుకున్నాడు. తోడుగా నేను వెళ్లవలసి వచ్చింది, బాధ్యత ఫైల్లో ఉంది కదా. ఒంటరిగా తినలేడు పాపం అని నేనూ రెండు తిన్నాను. ఈ దశ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, రికార్డు కోసం చెబుతున్నాను.

ఆపరేషన్‌కి రెండు వారాలుందనగా అసలు నిర్బంధం వచ్చింది. ఒట్టి ద్రవాహారం. ప్రొటీన్ పొడి కలిపిన పాలు, వడగట్టిన సూపు, పల్చటి మజ్జిగ. ఎందుకయ్యా అంటే, లావుపాటి మనుషుల కాలేయం కొవ్వుపట్టి ఉబ్బి ఉంటుంది. దాని ఎడమ తమ్మె జీర్ణాశయం మీద కప్పుకుని పడుకుంటుంది. లోపల కెమెరా పెట్టిన సర్జన్‌కి అది అడ్డం. రెండు వారాలు కడుపు మాడిస్తే కాలేయం కుంచించుకుని పక్కకి జరుగుతుంది. ఇది వాడి కాలేయం సంగతి. దీనికీ మా ఇంట్లో పోపు వేయకపోవడానికీ ఏమిటి సంబంధమని నా ప్రశ్న. "వాడు అక్కడ సూపు తాగుతుంటే మీరు ఇక్కడ గుత్తివంకాయ కూర ఎలా తింటారండీ? గొంతు దిగుతుందా?" అంది మా ఆవిడ. దిగుతుంది. నిక్షేపంగా దిగుతుంది. ఆ మాట పైకి చెప్పగలిగిన మగవాడు ఈ కాలనీలో లేడు. ఇంగువ డబ్బా అటక ఎక్కింది, నా పుస్తకాల పక్కకి. చట్నీ పొడులు బీరువాలో చేరాయి. ఊరగాయ జాడీ మూత వాసన వస్తుందని గుడ్డచుట్టి కట్టేశారు. రోజూ పెరుగన్నం, బీరకాయ, పెరుగన్నం, సొరకాయ.

ఆ రోజుల్లో మా వరండాలో ఇంకో వింత జరిగేది. ఆస్పత్రివాళ్లు ఒక ప్లాస్టిక్ పెట్టె ఇచ్చారు. పక్కపక్కన మూడు గదులు, ఒక్కో గదిలో ఒక్కో రంగు బంతి, ఒక గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. మత్తు ఇచ్చాక ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోకుండా, కఫం పట్టకుండా ఈ సాధన. మొదట్లో వాడి ఊపిరికి ఒక బంతి సగం దాకా లేచి పడిపోయేది. పక్కవాటాలో పిల్లలు గుమిగూడి, "అంకుల్, ఇంకొంచెం, ఇంకొంచెం" అని చప్పట్లు కొట్టేవాళ్లు. రెండు బంతులు లేచిన రోజు వాడు నాకు వీడియో తీయమన్నాడు. మూడోది కూడా లేచి, మూడూ వరుసగా పైన నిలబడ్డ రోజున మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నా కళ్లలో నీళ్లు బీరకాయవి.

ఆపరేషన్ నాడు అంగీకార పత్రం మీద సాక్షిగా నేనే సంతకం పెట్టాను. నాలుగు పేజీలు. రక్తస్రావం కావచ్చు, కుట్టు దగ్గర కారవచ్చు, కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు అని అన్నీ ఉన్నాయి. 'సాక్షి ఇంట్లో చారు ఆగిపోవచ్చు' అని ఎక్కడా లేదు. సర్జన్ బొమ్మ గీసి చూపించాడు: సంచీలా ఉన్న జీర్ణాశయాన్ని నిలువునా స్టేప్లర్ వేసి కోసి, అరటిపండంత గొట్టం మాత్రం మిగులుస్తారు. తీసేసే పైభాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారవుతుంది కాబట్టి జాగాతో పాటు ఆకలీ తగ్గుతుంది. ఈ స్లీవ్ పద్ధతి మొదట్లో పూర్తి ఆపరేషన్ కానే కాదట. మరీ భారీ మనుషులకి పెద్ద ఆపరేషన్ ఒకేసారి చేస్తే తట్టుకోలేరని ముందు ఇంతవరకు చేసి ఆపేవారు. చాలామంది ఆ సగం పనికే తగ్గిపోయి రెండో విడతకి రాకపోవడంతో ఇదే అసలు ఆపరేషన్ అయి కూర్చుంది. మన మున్సిపాలిటీ వాళ్లు సగంలో ఆపిన పనుల్లో ఇంత శుభం ఏనాడూ చూడలేదు.

మధ్యాహ్నం కోశారు. సాయంత్రానికి నడిపించమన్నారు. కాళ్లలో గడ్డలు కట్టకుండా. వాడు కాళ్లకి బిగుతు మేజోళ్లతో, నేను సెలైన్ స్టాండు తోసుకుంటూ, వరండాలో ఊరేగాం. ఎదురొచ్చిన నర్సు నా పొట్ట చూసి, "మీకెప్పుడు సార్?" అని అడిగింది.

ఇంటికొచ్చాక పరామర్శల పర్వం. బరువు తగ్గడానికి పొట్ట కోయించుకున్నవాణ్ణి చూడడానికి వచ్చే బంధువులు ఏం తెస్తారో చెప్పుకోండి. మైసూర్‌పాక్. ఒకరు అరకిలో, ఒకరు కిలో. "పాపం, నీరసంగా ఉంటాడు కదా" అని. ఒక పెదనాన్నగారు సోఫాలో కూర్చుని, "ఇప్పుడు మౌంజారో ఇంజెక్షన్ ఉందిగా, వారానికొకటి పొడుచుకుంటే పోయేదానికి కోయించుకోవడమేమిట్రా" అని మందలించారు. ఆ మందు 2025 మార్చిలో మన దేశానికి వచ్చిన మాట నిజమే, దానితో బాగా తగ్గుతున్న మాటా నిజమే. మానేస్తే బరువు తిరిగొస్తుందనీ, ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరు తేల్చాలనీ మావాడు ఓపిగ్గా చెప్పాడు. ఆయన వినలేదు. వింటున్నట్టు కూర్చుని మైసూర్‌పాక్ తిన్నారు. మిగిలింది మా ఆవిడ పనిమనిషికి ఇచ్చేసింది, నా ఎదురుగానే.

మొదటి వారాల్లో వాడి భోజనం దగ్గుమందు కప్పుల్లో జరిగేది. ముప్ఫై మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ కప్పు, గుక్కెడు కాదు, చప్పరింపు. గటగటా తాగితే అరటిపండంత గొట్టం ఒప్పుకోదు, ఛాతీ పట్టేస్తుంది. ముందు కొబ్బరినీళ్లు, పప్పు మీది తేట. తర్వాత చిక్కటి ద్రవాలు. ఆ తర్వాత మిక్సీ దశ. ఇడ్లీ మిక్సీలో, ఉడికించిన గుడ్డు మిక్సీలో, చేపముక్క మిక్సీలో, పప్పూ క్యారెట్టూ మిక్సీలో. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ యంత్రం మొత్తుకునేది. మా ఆవిడకి రెండు వంటలు చేసే ఓపిక లేదు. "ఎలాగూ తీస్తున్నాను కదండీ, మీరూ ఇదే తినేయండి" అంది. ముప్ఫై రెండు పళ్లూ సలక్షణంగా ఉన్న గృహస్థుణ్ణి పట్టుకుని మెత్తగా రుబ్బిన ఉప్మా పెట్టారు మహాప్రభో.

గట్టి ఆహారానికి అనుమతి వచ్చాకైనా గట్టెక్కుతాననుకున్నాను. చట్టం ఇంకా కఠినమైంది. ముందు మాంసకృత్తులు, తర్వాత కూర, ఆఖర్న జాగా ఉంటే అన్నం. కండ కరిగిపోకుండా రోజుకి 60 గ్రాములైనా ప్రొటీన్ పడాలి కాబట్టి. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. నీళ్లు తోడైతే తిండి తొందరగా కిందికి జారిపోయి నిండిన భావన పోతుంది. ముద్దని పాతిక ముప్ఫైసార్లు నమలాలి. ఈ నియమాలన్నీ వాడికి. అమలు మాత్రం టేబుల్ ముందు కూర్చున్న ప్రతివాడికీ. ఆలోచించండి: తెలుగువాడి భోజనమంటే చారు పోసుకుని జుర్రుకోవడం, మజ్జిగ పోసుకుని వేళ్ల సందుల్లోంచి కారుతుంటే ఎత్తి తాగడం. పొడిపొడిగా తిని, గడియారం కేసి చూస్తూ కూర్చుని, అరగంటకి గ్లాసెడు నీళ్లు తాగే భోజనం మా వంశంలో లేదు. నా నీళ్ల గ్లాసు ఇప్పుడు హాల్లో టీవీ పక్కన ఉంటుంది. కంచాలు కూడా మార్చారు. మా పెళ్లినాటి స్టీలు కంచాలు పైకెళ్లి, టిఫిన్ ప్లేట్లు కిందికొచ్చాయి. చిన్న కంచంలో కొంచెం అన్నమైనా కొండలా కనిపించి తృప్తి కలుగుతుందని ఎవరో పరిశోధించారట. కొండ చూసి దిగులుపడే నాలాంటి వాడి గురించి ఆ పరిశోధన చేసినవాళ్లకి పట్టలేదు.

మాత్రల పెట్టె ఒకటి. బీ12, ఐరన్, కాల్షియం, డీ, మల్టీవిటమిన్, జీవితాంతం. తిండి తగ్గింది, లోపలి సరంజామా మారింది, బయటినుంచి ఇవ్వకపోతే నరాలూ ఎముకలూ దెబ్బతింటాయి. ఇది మాత్రం చాలామంది ఏడాది తిరగ్గానే వదిలేస్తారట, సన్నబడ్డాం కదా అని. ఐరన్‌కీ కాల్షియంకీ పడదు, రెంటికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌కీ టీకీ అంతకన్నా పడదు. కాబట్టి మా ఇంట్లో నాలుగింటి టీ అయిదున్నరకి జరిగింది. మాత్ర వేసుకునేది వాడు, టీ కోసం కాచుక్కూర్చునేది నేను. మూడో నెల దాటాక వాడి జుట్టు దువ్వెన నిండా రావడం మొదలైంది. బరువు గబగబా తగ్గినప్పుడు ఊడుతుంది, మాంసకృత్తులు సరిగ్గా పడుతుంటే మళ్లీ వస్తుంది అని డాక్టరు చెప్పినా, వాడు బెంగతో నా తలకేసి చూసేవాడు. "మీదీ ఇలాగే మొదలైందా బావగారూ?" అని.

ఏసీ సంగతి చెప్పాలి. వచ్చిన కొత్తలో వాడికి పద్దెనిమిదిలో పెట్టినా చెమట్లు పట్టేవి, మేం శాలువాలు కప్పుకునేవాళ్లం. కొవ్వు కరిగాక కథ తిరగబడింది. ఒంటికున్న దుప్పటి పోయింది, వాడికి ఎప్పుడూ చలి. మే నెలలో, కూకట్‌పల్లిలో, ఫ్యాను రెండులో పెట్టుకుని స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాడు. మా చెమట్లు మాకు తిరిగొచ్చాయి, కరెంటు బిల్లు మాత్రం తగ్గలేదు.

ఇక వ్యాయామం. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు, కుట్ల దగ్గర హెర్నియా వస్తుంది. సబబే. అందుచేత గ్యాస్ సిలిండరు నేను. మంచినీళ్ల క్యాను నేను. పాతిక కిలోల బియ్యం బస్తా నేను, ఆ బియ్యం తినేవాడు ఇంట్లో ఎవరూ లేకపోయినా. ఆ పైన నడక. రోజుకి పదివేల అడుగులని మా ఆవిడ ఇద్దరికీ వాచీలు కట్టింది. ఈ పదివేలు ఏ డాక్టరు తేల్చాడా అని చూస్తే, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి పెట్టిన పేరు అది! అంతకన్నా తక్కువ నడిచినా మేలేనని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఈ ఆధారాన్ని ప్రవేశపెట్టాను. "అయితే మీరు తొమ్మిదివేలు నడవండి" అని తీర్పు వచ్చింది.

కండ తగ్గకుండా ఉండాలంటే నడక ఒక్కటే చాలదు, బరువులెత్తాలి అన్నారు. కుట్లు మానాక వాడు డంబెల్స్ కొన్నాడు. పాలకొల్లులో వాడి కొట్టు మేనల్లుడు చూసుకుంటున్నాడు, వీడు నెలనెలా చెకప్పుల పేరుతో ఇక్కడే ఎక్కువ ఉంటున్నాడు. నాలుగు రోజుల సంగతి నేను ఎత్తడం లేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: డిశ్చార్జి నాటికే షుగరు మాత్రలు తగ్గించారు, సీపాప్ తర్వాత తీసేశారు, ఏడాది తిరిగేసరికి 90 కిలోలకి వచ్చాడు. మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కి పైన నిలబడి, కింద రొప్పుతున్న నాకోసం ఎదురు చూస్తాడు. "మెల్లిగా రండి బావగారూ, తొందరేం లేదు" అంటాడు. ఆ మర్యాదకి తిరుగు జవాబు లేదు.

వాడి పాత చొక్కాలు నాకు ఇచ్చాడు, ఖరీదైన బట్ట, పారేయడమెందుకని. టైలరు చూసి, "ఇందులో మీకు రెండు కుట్టొచ్చు సార్" అన్నాడు. కుట్టించాను. వాటిల్లో ఒకటి వేసుకునే ఇది రాస్తున్నాను.

పొట్ట కోశారు గానీ నాలుక కోయలేదు కదా. ఏడాదిన్నర, రెండేళ్లు దాటాక బరువు మళ్లీ పాకడం ఈ ఆపరేషన్‌లో ఉన్నదే అన్నారు డాక్టర్లు. గట్టి తిండికి గొట్టం అడ్డం చెబుతుంది. ఐస్‌క్రీమ్‌కి చెప్పదు, అది కరిగి జారిపోతుంది. మిల్క్‌షేకూ అంతే, చక్కెర పోసిన కాఫీ అంతే. రోజంతా గుప్పెడు గుప్పెడు మిక్స్చర్ తినేవాణ్ణి ఏ స్టేప్లరూ ఆపలేదు. అందుకని మా ఇంట్లో ఐస్‌క్రీమ్ నిషేధం. ఫ్రీజర్‌లో ఇప్పుడు బఠాణీలున్నాయి. మొన్న రాత్రి ఫ్రిజ్ తలుపు చప్పుడైతే వాడే అనుకుని మా ఆవిడ లైటు వేసింది. తలుపు పట్టుకుని నిలబడ్డది నేను, చేతిలో బఠాణీల ప్యాకెట్టు. వాడు లోపల గదిలో హాయిగా నిద్రపోతున్నాడు, గురక కూడా లేకుండా.

మిగిలిన ఒకే ఒక్క ఆశ సంక్రాంతి. గోదావరి జిల్లాల్లో పండక్కి అల్లుడి ముందు ఎన్ని రకాలు పరుస్తారో ఏటా పేపర్లు ఫోటోలు వేస్తాయి. నేను కొత్తల్లుణ్ణి కాను, నూట పాతిక రకాలు అడగడం లేదు. అరిసెలు, సున్నుండలు, కోడిపలావు, గారెలు. అల్లుడిగా నాకున్న కనీస హక్కులు. కొడుకు పొట్ట కోయించుకున్నంత మాత్రాన అల్లుడి హక్కు రద్దు కాదనే ధైర్యంతో పాలకొల్లుకి ఫోను చేశాను.

"అరిసెలు వండకుండా ఎలా ఉంటాను అల్లుడుగారూ, బియ్యం నానబోస్తున్నా" అన్నారు అత్తగారు. నా ప్రాణం లేచొచ్చింది. "మీరు రాగానే ముందు ఉడికించిన శనగలు ఓ కప్పుడు తినేయండి. తర్వాత అరిసె ఒకటి. నీళ్లు మాత్రం అరగంట ఆగాకే ఇస్తాను, అమ్మాయి అన్నీ చెప్పింది."

పాలకొల్లు కూడా పోయింది.